లేని విక్రాంత్: మా డాక్యుమెంటరీ పని డైరీ

2025 జనవరి, మొదటి వారం

యుద్ధం చేసేవాళ్ల మీద సినిమాలు బోలెడున్నాయి. యుద్ధాన్ని చూసేవాళ్ల మీద ఒక అరగంట వీడియో తీద్దామన్నది మా ఆలోచన. టీవీ ముందు కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని, బీచ్‌లో నిలబడి చూసేవాళ్లు. అంటే మనమే.

దీనికి విశాఖ కన్నా అనువైన ఊరు ఎక్కడ దొరుకుతుంది? బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వెళ్తే ఇసుక మీద కుర్సురా జలాంతర్గామి, రోడ్డుకి అవతల టీయూ-142 విమానం, అదే దారిలో 1971 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’. వాటి మధ్య మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చర్ బళ్లు. ఇంటికి చుట్టాలొస్తే కైలాసగిరి తర్వాత మనం చూపించేది జలాంతర్గామే. ఎన్ఏడీ కొత్త రోడ్డుకి రోజూ ఆటో ఎక్కేవాళ్లలో చాలామంది అక్కడ నౌకాదళం ఆయుధ డిపో (నేవల్ ఆర్మమెంట్ డిపో, అదే ఎన్ఏడీ) ఉందన్న సంగతే తలుచుకోరు. ఇక్కడ యుద్ధ సామగ్రి మన కళ్లకి అంతగా అలవాటైపోయింది.

మేం ముగ్గురం. కెమెరా నాది. ఎడిటర్‌కి పెళ్లి వీడియోలే బతుకుతెరువు, అందుకే ముహూర్తాలు లేని రోజుల్లోనే మా పని. సౌండ్ చూసే తమ్ముడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ఒక మిర్రర్‌లెస్ కెమెరా, అద్దెకి తెచ్చే లెన్సు, చిన్న రికార్డరు, రెండు కాలర్ మైకులు. గాలికి బొచ్చు కవర్ తప్పనిసరి. అది లేకుండా మన బీచ్‌లో రికార్డు చేస్తే మాట వినపడదు, బుసలే వినపడతాయి.

డ్రోన్ లేదు. నౌకాదళ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల మేర ఎగరేయకూడదు. ఊరి మ్యాప్ మీద ఆ వలయాలు గీసి చూస్తే మాకు మిగిలే చోటు పెద్దగా లేదు. ఎడిటర్ డీలా పడ్డాడు గానీ నాకు మాత్రం హాయిగా అనిపించింది. టీవీలో యుద్ధం ఎలాగూ పైనుంచే కనిపిస్తుంది. మా కెమెరా మనిషి కళ్ల ఎత్తు దాటి పైకి వెళ్లకూడదని ఆ రోజే నోట్సులో రాసుకున్నాం.

జనవరి 4

ఆర్కే బీచ్‌లో తూర్పు నౌకాదళం విన్యాసాలు. ముఖ్యమంత్రి ముఖ్య అతిథి. ఇసుకేస్తే రాలనంత జనం. అందరూ సముద్రం వైపు చూస్తుంటే మేం సముద్రానికి వీపు పెట్టి జనాన్ని తీశాం.

మంచి షాట్లు పడ్డాయి. తండ్రి భుజాల మీద కూర్చున్న పాప ఒకతి రెండు చెవులూ గట్టిగా మూసుకుని, కళ్లు మాత్రం ఇంతింత చేసుకుని చూస్తోంది. వెనకాల ఒకాయన వీడియో కాల్‌లో ఎవరికో చూపిస్తూ, “ఇటు చూడు, ఇటు చూడు, అదిగో” అంటున్నాడు. ఆయన మాత్రం స్క్రీన్‌లోంచే చూస్తున్నాడు. హెలికాప్టర్ దగ్గరికి వచ్చేసరికి ఫోన్లన్నీ ఒక్కసారే పైకి లేచాయి.

రాత్రి ఫుటేజ్ వేసి చూశాం. సముద్రంలో చేసిన ఒక ఉత్తుత్తి పేలుడు దగ్గర జనం రెండుసార్లు కదిలారు. మెరుపు చూసి ముందు “ఓ” అన్నారు. ఆ తర్వాత చప్పుడొచ్చింది, దానికి ఉలిక్కిపడ్డారు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కిలోమీటరు దూరంలో ఏదైనా పేలితే దాని చప్పుడు మన చెవికి చేరడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మా క్లిప్పులో ఆ తేడా రెండు సెకన్ల చిల్లర, అంటే టైమ్‌లైన్ మీద 50 ఫ్రేములు దాటింది.

నేను టీ పెట్టుకుని వచ్చేసరికి ఎడిటర్ ఆ చప్పుడుని లాగి మెరుపు కింద అతికించేశాడు. పెళ్లి వీడియోల్లో డోలు దెబ్బకీ తలంబ్రాలకీ ఫ్రేము తేడా రాకూడదు. అది అతని చేతికి పట్టిన అలవాటు. “ఇలా వదిలేస్తే సింక్ పోయిందనుకుంటారక్కా” అన్నాడు. వదిలేద్దామనే అన్నాను. ఆ పాప చెవులు మూసుకున్నది ఆ రెండు సెకన్లలోనే. సింక్ చేస్తే ఆ షాట్‌కి అర్థమే ఉండదు.

ఫిబ్రవరి

ఈ నెలంతా చదవడం, మాట్లాడటం. కెమెరా దాదాపు బయటికి తీయలేదు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అమెరికా 1945లో ‘డయాబ్లో’ పేరుతో నౌకాదళంలోకి తీసుకున్న నౌక అది, 1960లలో పాకిస్తాన్ చేతికి వచ్చింది. లోపలున్న తొంభై మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. దాన్ని మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్ల అడుగున పేలే బాంబులు, ముంచాయని మన నౌకాదళం చెబుతుంది. లోపలే పేలుడు జరిగిందనీ, లేదా అది పరుస్తున్న మందుపాతరలే దాన్ని దెబ్బతీశాయనీ పాకిస్తాన్ వైపు చెబుతారు. వాయిస్ ఓవర్‌లో రెండూ ఉంటాయి.

నన్ను పట్టుకున్నది అది మునిగిన తీరు కాదు, అది ఇక్కడికి ఎందుకొచ్చిందన్న సంగతి. అది వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ సమయానికి విక్రాంత్ విశాఖలో లేదు, అండమాన్ వైపు పంపేశారు. ఉన్నట్టు నమ్మించడానికి అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పన్నిన ఎత్తును ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. సర్వీసు నుంచి తప్పించాల్సిన దశకొచ్చిన పాత రాజ్‌పుత్ సముద్రం మీదికి వెళ్లి, విక్రాంత్‌లాగా వైర్‌లెస్‌లో గలగలా మాట్లాడింది. పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు కావాలని ఊళ్లో ఆర్డర్లు పెట్టారు. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రామ్ వెళ్లింది, ఎవరైనా చదువుకోవడానికి వీలుగా.

బజారు కబురు, కూరగాయల లెక్క, అమ్మ గురించి అడిగే టెలిగ్రామ్. ఆనాటి మీడియా అంతా అందులో ఉంది. లేని ఓడని ఉన్నట్టు చూపించారు. చూపించింది శత్రువుకి.

మనకి మాత్రం ఏదీ చెప్పలేదు. ఘాజీ మునిగిందని ప్రభుత్వం ప్రకటించింది డిసెంబరు 9న. ఊళ్లో వినపడిన పేలుడుకి అర్థం తెలియడానికి అన్ని రోజులు పట్టింది.

మార్చి, జాలారిపేట

మేం కలిసిన పెద్దాయనకి 1971లో పదకొండేళ్లట. వల బాగు చేసుకుంటూనే మాట్లాడాడు. చేతులు ఆగితే మాట కూడా ఆగిపోతోందని గమనించి కూర్చోబెట్టి తీయడం మానేశాం. కాలర్ మైకు చొక్కాకి పెడితే వల రాసుకుని గరగరమంటోంది. చివరికి తలపాగా మడతలో దూర్చాం.

“రాత్రి గుడిసె అదిరినాదమ్మా. మా అయ్య లేచి బయటికెళ్లి చూసొచ్చి, ఏటీ లేదు పడుకోండి అన్నాడు. దీపం ఎలిగించనివ్వలేదు. బ్లాక్ అవుట్ కదా, పోలీసోళ్లు తిరిగేవోళ్లు.” సముద్రంలో తేలిన సామాన్లు, లైఫ్ జాకెట్ జాలర్లకి దొరికాయని నౌకాదళ కథనాల్లో ఉంది. దాని గురించి అడిగితే తలాడించాడు. తన వాళ్లకి దొరికాయని మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఊపందుకున్నాడు. నీళ్ల అడుగున రెండు జలాంతర్గాములు ఎదురెదురుగా నిలబడటం, ఒకదాన్ని ఒకటి తప్పించుకోవడం, లోపల కెప్టెన్ ఏమన్నాడు, వాళ్లు ఏ పాట పాడారు... చేతులతో సహా చూపించాడు. నేను మెల్లగా అడిగాను, “తాతా, ఇదంతా నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పడమేటి? సినిమాలో చూడలేదా నువ్వు?”

2017లో వచ్చిన ఆ ‘ఘాజీ’ సినిమా కథ జలాంతర్గామికీ జలాంతర్గామికీ మధ్య జరుగుతుంది. మన నౌకాదళ అధికారిక కథనంలో ఉన్నది మాత్రం నీళ్ల మీద తిరిగే డిస్ట్రాయర్ రాజ్‌పుత్. సినిమా వాళ్లని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు, కల్పన కల్పనే. కానీ గుడిసె అదిరిన జ్ఞాపకం, సినిమా చూసిన జ్ఞాపకం ఆయనలో పక్కపక్కనే కూర్చున్నాయి. రెండూ ఒకే గొంతుతో చెప్పాడు. కట్ చేయకుండా మొత్తం ఉంచాలని నిర్ణయం. ఆయన కోసం కాదు, నాలోనూ అవి అలాగే కలిసిపోయి ఉన్నాయి కాబట్టి.

ఏప్రిల్, కుర్సురా లోపల

1969 డిసెంబరులో సోవియట్ యూనియన్ నుంచి నౌకాదళంలో చేరిన జలాంతర్గామి ఇది, పొడవు 91 మీటర్లు దాటుతుంది. 2001లో విశ్రాంతి తీసుకుని 2002 నుంచి మ్యూజియం అయింది. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి రంధ్రంలోంచి కాలు ముందు పెట్టి దూరాలి. ట్రైపాడ్ కాళ్లు విప్పే చోటు కూడా లేదు. అంతా చేత్తో పట్టుకునే తీశాం. ఎర్ర లైటు కింద ముఖాలు మాడినట్టు వస్తున్నాయి. వైట్ బ్యాలెన్స్ సరిచేయకుండా అలాగే ఉంచాం, కలర్ దిద్దేటప్పుడు చూసుకోవచ్చు.

మేం ఉన్నంతసేపూ జనం గైడుని అడిగిన ప్రశ్న ఒక్కటే, “ఘాజీని ముంచింది ఇదేనా?” 1971లో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది, విశాఖ దగ్గర లేదు. గైడు ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు “అలాగా” అని సెల్ఫీ తీసుకుని ముందుకి జరుగుతున్నారు. “నిరాశ పడతారండీ, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను” అన్నాడు.

మే 7 నుంచి 11

మా స్క్రిప్టు ఇక్కడ తలకిందులైంది.

ఏప్రిల్ 22న పహల్గాం దాడి. 26న కేంద్ర సమాచార శాఖ, రక్షణ ఆపరేషన్లని లైవ్‌లో చూపించవద్దని మీడియాకి సలహా పంపింది. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్. అదే రోజు దేశమంతటితో పాటు విశాఖలోనూ పౌర రక్షణ మాక్ డ్రిల్. తమ్ముడు రికార్డర్‌తో వెళ్లి సైరన్ పట్టుకొచ్చాడు. శుభ్రమైన రికార్డింగు, వెనకాల కాకులు, ఎవరిదో స్కూటీ హారన్.

8వ తేదీ రాత్రి మల్కాపురంలో ఒక ఇంట్లో ఉన్నాం. ఆ ఇంటావిడ కొడుకు నేవీలో పనిచేస్తున్నాడు. ఏ ఓడ అని మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ముఖం చూపించకూడదన్న మాట మీద ఒప్పుకున్నారు. టీవీ స్క్రీన్‌ని ఎక్కడా తీయకూడదని ముందే అనుకున్నాం. క్లిప్పుల హక్కుల తలనొప్పి ఒకటి, అసలు అది చూపించడమే ఇష్టం లేకపోవడం రెండోది. ఆవిడ చేతుల మీద, ఒళ్లో ఉన్న దిండు మీద పడే టీవీ వెలుగే మా ఫ్రేము. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50లో, 25 ఫ్రేముల్లో పెట్టాలి. లేకపోతే ట్యూబ్‌లైటు చారలు చారలుగా పాకుతుంది.

రాత్రి బాగా పొద్దుపోయాక ఛానెళ్లు మొదలుపెట్టాయి. విక్రాంత్ కరాచీ పోర్టు మీద విరుచుకుపడిందట. పోర్టు ధ్వంసమైందట. ఒకదాన్ని చూసి ఒకటి. యాంకర్ల గొంతుల కింద సైరన్. వీధిలో ఎవరో టపాసు కాల్చారు.

ఆవిడ దిండు అంచు మడత పెడుతూ విప్పుతూ కూర్చున్నారు. కాసేపటికి అన్నారు, “మనం కొడితే వాళ్లు ఊరుకుంటారా? తిరిగి కొడతారు కదా. మా వాడు ఎక్కడున్నాడో.” ఆ తర్వాత సౌండ్ తీసేశారు. చేతుల మీద వెలుగు మాత్రం ఎర్రగా, నీలంగా మారుతూనే ఉంది.

కరాచీ పోర్టు మీద దాడి జరగలేదు. మే 11న త్రివిధ దళాల అధికారుల బ్రీఫింగ్‌లో నౌకాదళం చెప్పింది, కరాచీతో సహా లక్ష్యాలని కొట్టడానికి సర్వసన్నద్ధంగా మోహరించి ఉన్నామని. సిద్ధంగా ఉండటం వేరు, కొట్టేయడం వేరు. ఆ రాత్రి టీవీలో ఆ రెండూ ఒకటైపోయాయి.

మళ్లీ విక్రాంత్. 1971 నాటి ఓడ కాదు. అది 1997లో రిటైరైంది, తర్వాత తుక్కు కింద ముక్కలైంది. ఇది 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో జాతికి అంకితమైన కొత్తది. పేరు ఒకటే, జరిగింది కూడా ఒకటే. లేని చోట ఉన్నట్టు విక్రాంత్‌ని చూపించారు. అప్పుడు ఆ అబద్ధం ఘాజీ కోసం తయారైంది. ఇప్పుడు మల్కాపురంలో ఒక తల్లి కోసం తయారైంది. అప్పుడు నిజం ఆలస్యంగా వచ్చింది, ఇప్పుడు వార్త సంఘటన కన్నా ముందే వచ్చేసింది. ఆ రాత్రి తెల్లవారుజామున ఇంటికొచ్చి పాత స్క్రిప్టు పక్కన పెట్టేశాను. రెండు విక్రాంత్‌ల చుట్టూనే వీడియో తిరుగుతుంది. పేరు కూడా అప్పుడే దొరికింది.

మే 10న కేంద్ర హోం శాఖ కింద ఉన్న పౌర రక్షణ విభాగం మీడియాకి ఇంకో సూచన ఇచ్చింది. అవగాహన కార్యక్రమాల్లో తప్ప ప్రోగ్రాముల్లో ఎయిర్ రెయిడ్ సైరన్ శబ్దం వాడొద్దని. రోజూ అది వినివిని నిజంగా మోగిన రోజు జనం పట్టించుకోరేమోనని. మా వీడియోలో సైరన్ ఒక్కసారే వినపడుతుంది, అది డ్రిల్ రోజుదే, కాకులతో సహా.

జూన్

గాజువాక అమ్మాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైనప్పుడు అక్కడి ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. మన ప్రభుత్వం విద్యార్థుల్ని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగా విమానంలో తిరిగొచ్చింది, తర్వాత వేరే దేశంలో కోర్సు పూర్తి చేసింది. ఇప్పుడు ఎఫ్ఎంజీఈకి, అంటే విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్షకి, చదువుకుంటోంది. ఇంటర్వ్యూ మధ్యలో కూడా పుస్తకం ఒళ్లోనే ఉంది.

తన ఫోన్లో అప్పటి క్లిప్పులు ఇచ్చింది. వాటిలో యుద్ధం అని చూపించదగ్గది ఏదీ లేదు. బేస్‌మెంట్ మెట్లు. ఒకే ప్లగ్ పాయింటుకి వేలాడుతున్న ఛార్జర్ల గుత్తి. మెట్రో స్టేషన్లో దుప్పటి మీద ఆరబెట్టిన సాక్సులు. ఒక క్లిప్పు పూర్తిగా చీకటి, అందులో దూరంగా ఒక దెబ్బ, ఎవరో తెలుగులో “ఇది దగ్గర్లోనే” అనడం, అంతే. ఇదే సమయంలో ఇక్కడ వాళ్లమ్మ టీవీలో ఒక బిల్డింగు కూలడం చూస్తున్నారు. అది కూలిన ప్రతిసారీ కూతురికి ఫోన్ చేశారు. “అదే బిల్డింగమ్మా, మళ్లీ మళ్లీ వేస్తున్నారు అని చెప్పేదాన్ని. నా ఛార్జింగ్ అంతా దానికే అయిపోయేది” అంది. నవ్వుతూనే చెప్పింది.

ఆ చీకటి క్లిప్పు కోసం ఎడిటర్‌తో గంటసేపు వాదన. తెర మీద ఏమీ కనపడకపోతే జనం ఫోన్ తిప్పేస్తారంటాడు. తిప్పేయనీ అన్నాను.

జులై

బయటి క్లిప్పులు ఎన్ని వాడాలన్న ప్రశ్న వచ్చింది. మే నెలలో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినవి పోగేసి పరీక్షగా చూశాం. ఆర్మా 3 అనే వీడియో గేము దృశ్యాలు యుద్ధం పేరుతో తిరగడం ఇవాళ్టిది కాదు. ఆ గేము తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2022లోనే ప్రకటన ఇచ్చి, వాటిని ఎలా గుర్తుపట్టాలో చెప్పింది. చీకటి పూట, మసకగా, వణికే కెమెరాతో ఉంటే అనుమానించమని, మనుషులు దాదాపు కనపడరని.

మేం దానికి మా జనవరి పాఠం జోడించాం. పేలుడు చాలా దూరంలో కనిపిస్తూ చప్పుడు మాత్రం మెరుపుతో పాటే వినపడితే, ఎవరో దాన్ని ముట్టుకున్నారన్నమాట. 2020 ఆగస్టు 4 నాటి బేరూత్ పోర్టు పేలుడు వీడియోలు చూస్తే తెలుస్తుంది. దూరపు బాల్కనీల నుంచి తీసిన వాటిలో ముందు ఆకాశం మారిపోతుంది, తీసేవాళ్లకి మాట్లాడుకునే వ్యవధి ఉంటుంది, ఆ తర్వాత వస్తుంది దెబ్బ. ఇది ఒక్కటే రుజువు కాదు. ఫోన్‌లో దగ్గర నుంచి తీసిన దానికి ఈ లెక్క పనికిరాదు, అసలు క్లిప్పుకి సౌండ్ తర్వాత కలిపినవాళ్లూ ఉంటారు. అయినా వడపోతకి మొదటి జల్లెడగా బాగా పనిచేస్తోంది.

చివరికి వాట్సాప్ క్లిప్పు ఒక్కటీ పెట్టడం లేదు.

ఆగస్టు, ఎడిటింగ్

డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో రఫ్ కట్, అంటే తొలి కూర్పు, పూర్తయింది. అరగంట అనుకున్నది నలభై నిమిషాలు దాటింది. 1942 భాగం మొత్తం తీసేశాను. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. బీచ్ ఇసుకలో ఆనాటి కాంక్రీటు బంకరు ఇప్పటికీ ఉంది, దాని నీడలో కూర్చుని క్రికెట్ స్కోరు చూసుకునే కుర్రాళ్ల షాట్ కూడా ఉంది. షాట్ బాగుందని కథని పక్కకి లాక్కెళ్లలేం. వేరే వీడియోకి దాచాం.

ఘాజీ దగ్గర ఏం చూపించాలన్నది చాలాకాలం తేలలేదు. పాత న్యూస్‌రీళ్ల రేటు మా పర్సుకి అందదు. పైగా ఆ రాత్రి జరిగిన దానికి బొమ్మ ఏదీ లేదు. గ్రాఫిక్స్ చేసిస్తానని ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. నీళ్లలో బుడగలతో శాంపిల్ కూడా పంపాడు, అచ్చం సినిమాలాగే ఉంది. అందుకే వద్దన్నాం. రాత్రి పూట తీరం నుంచి తీసిన సముద్రం, దాని మీద జాలారిపేట తాత గొంతు, అంతే పెడుతున్నాం. నౌకాదళం డీప్ సబ్‌మెర్జెన్స్ రెస్క్యూ వెహికల్ (మునిగిన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడే వాహనం) ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని 2024లో వార్తలొచ్చాయి. చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని కూడా వాటిలోనే ఉంది. అది ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటాం.

మ్యూజిక్ మీద ఇంకా గొడవే. జనవరి విన్యాసాల సీను కింద ఎడిటర్ పెట్టిన ట్రాక్ వింటుంటే నా ఒళ్లు కూడా జలదరించింది. అందుకే తీయించాను. ఆ సీను చూస్తూ జనం ఏమనుకోవాలో మేమే నిర్ణయించేస్తే, మే 8 రాత్రి ఛానెళ్లు చేసిన పనే మేమూ చేసినట్టు. అతను నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే, మెరుపుకీ చప్పుడుకీ మధ్య ఉన్న వ్యవధిలో అలల శబ్దాన్ని కొద్దిగా పెంచి పంపాడు. మ్యూజిక్ కన్నా చాలా నయం.

రఫ్ కట్‌ని ముందు మల్కాపురం ఆవిడకి చూపించాం. కొడుకు గురించి అన్న ఇంకో మాట ఉంది, అది తీసేయమన్నారు. తీసేశాం. దిండు మాత్రం ఉంచుకోమన్నారు, “కవర్ మార్చి ఉండాల్సింది, పాతది వేశాను” అని కాసేపు బాధపడ్డారు. ఒక రిటైర్డ్ నేవీ సార్ చూసి రాజ్‌పుత్ గురించి రెండు సాంకేతిక వివరాలు సరిచేశారు. మ్యూజిక్ లేకపోవడం ఆయనకి నచ్చలేదు.

ఇంక మిగిలింది వాయిస్ ఓవర్, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, ఎర్ర లైటు సీనుకి కలర్. కార్తీకంలో పెళ్లిళ్లు మొదలైతే ఎడిటర్ చేతికి దొరకడు, ఆ లోపే ఎక్స్‌పోర్ట్ కొట్టేయాలి.